డ్రిల్లు మాస్టారి సర్కసు

తొర్రూరు అంగడిలో గడసాము ఆడే పిల్లవాడికి జనం చిల్లర వేసి పోతారు. అదే ఒడుపు బడి మైదానంలో చూపితే క్రీడాకారుడంటారు. ఈ రెంటి నడుమ గీత గీసినవారెవరో గాని, దాన్ని చెరిపేసిన మనిషి ఒకరు తెలుగునాట ఉండేవారు. ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు.

ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో 1882లో పుట్టారు. విజయనగరంలో కుస్తీ పట్టారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి వచ్చి బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరారు. మిత్రుడు పొట్టి పంతులు తోడ్పాటుతో సర్కసు కంపెనీ పెట్టారు. ఛాతీపైకి ఏనుగును ఎక్కించుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగబట్టి తెంచడం, గొలుసులు కట్టిన రెండు కార్లను కదలకుండా నిలపడం ఆయన ప్రదర్శనలు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట ప్రదర్శించి ‘ఇండియన్ హెర్క్యులస్’ అనిపించుకున్నారు. మనవారికి మాత్రం కలియుగ భీముడే. భీముడికి మాంసం తప్పదనుకునేవారికి ఒక మాట: ఆయన శాకాహారి.

విజేత వినోదకారుడు కావడం మన దగ్గరే జరిగిన వింత కాదు. 1936లో ప్రపంచ టేబుల్ టెన్నిస్ మహిళల సింగిల్స్ గెలిచిన అమెరికా యువతి రూత్ ఆరన్స్ ఆ ఆటనే రంగస్థలం మీదికి తెచ్చి టిక్కెట్టుపై ఆడింది. తర్వాత సినీ, టీవీ నటుల వ్యవహారాలు చూసే మేనేజరుగా స్థిరపడింది. పతకం గోడకు వేలాడుతుంది గాని పొయ్యి వెలిగించదు కదా!

రామ్మూర్తి లక్షలు సంపాదించారు, దానధర్మాలకు వెచ్చించారు. కాలికి పుండై, కాలే తీసేయవలసి వచ్చింది. చివరి రోజులు ఒరిస్సాలోని బలంగీర్‌లో గడిచాయి. 1942లో అక్కడే కన్నుమూశారు. అంతటి బలశాలికి వృద్ధాప్యంలో ఆసరా రాజుగారి దయ. సర్కసు ఆడటం చిన్నతనమనే పెద్దలు ఈ సంగతి గమనించాలి. కష్టపడి టిక్కెట్టు అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. ఆడలేని రోజున చేయూత లేకపోవడమే శోచనీయం.

ఇప్పుడు కాలం కొంత మారింది. మనకు దగ్గరిలోని పర్వతగిరి మండలం కల్లెడ కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. సంతోషమే. అయితే ఆ పరుగును మొదట పసిగట్టినది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడన్న సంగతి సన్మాన సభల్లో పెద్దగా వినపడదు. రామ్మూర్తి కథ కూడా డ్రిల్లు మాస్టారు కొలువు దగ్గరే మొదలైంది. పీఈటీ లేని బడిలో దీప్తి చదివి ఉంటే?

తొర్రూరు మండలంలో ఏ బడికి మైదానం ఉన్నదో, ఏ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడో మండల విద్యాధికారి గ్రామాలవారీగా జాబితా ప్రకటించాలి. పీఈటీని లెక్కల పీరియడుకు, భోజనాల లెక్కకు వాడుకుంటున్న బడులనూ అందులో చేర్చితే మరీ మంచిది.