పైనుంచి చూశారు సరే.. కిందివాడికి చెప్పిందెవరు?

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. ఐదు రోజులకే, 16న, నాసా వారి 'అవిరిస్' పరికరం బిగించిన చిన్న విమానం ఆ శిథిలాల మీదుగా ఎగిరింది. మామూలు కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులే పడుతుంది. ఇది వెలుగును 224 పాయలుగా చీల్చి చూస్తుంది. కంటికి కనపడని పరారుణ కాంతి కూడా అందులో ఉంటుంది. జిప్సం కానీ, ఆస్బెస్టాస్ కానీ, ప్రతి పదార్థం కొన్ని పాయలను మింగి మిగతావాటిని తిప్పికొడుతుంది. ఆ తేడాయే దాని వేలిముద్ర. హైపర్‌స్పెక్ట్రల్ ఇమేజింగ్ అంటే ఇదే.

అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ఆ చిత్రాలు చూసి, శిథిలాల్లో మూడు డజన్లకు పైగా చోట్ల నిప్పు రగులుతోందని తేల్చారు. కింద దుమ్ము నమూనాలు కూడా ఏరి పరీక్షించారు. ఉక్కు దూలం పూతలో 20 శాతం దాకా ఆస్బెస్టాస్ బయటపడింది. కాంక్రీటు పొడి వల్ల దుమ్ముకు ఘాటైన క్షార గుణం ఉందనీ తెలిసింది. ఈ ఫలితాలు సెప్టెంబరులోనే సహాయక బృందాలకు అందాయి. జనం ముందుకు వచ్చింది మాత్రం నవంబరు 27న.

ఈలోగా, సెప్టెంబరు 18నే, గాలి పీల్చుకోవడానికి సురక్షితమేనని పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రకటించేసింది. అంత మాట అనడానికి తగిన సమాచారం అప్పటికి లేదని ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరలే 2003లో తప్పుపట్టారు. కానీ శిథిలాలు ఎత్తినవాళ్లు, చుట్టుపక్కల గదులు తుడిచిన వలస కూలీలు అప్పటికే ఆ దుమ్ము మింగేశారు. వాళ్ల వైద్యం కోసం జడ్రోగా చట్టం రావడానికి 2011 జనవరి దాకా పట్టింది.

యంత్రాన్ని తప్పుపట్టలేం. అది పైపొరనే చూస్తుంది, గోడ వెనక ఏముందో చెప్పలేదు. అది చెప్పినంత మేరకైనా పార పట్టినవాడి చెవిన పడాలి కదా!

ఈ విద్య మన దేశానికీ వచ్చింది. 2015-16లో ఇస్రో, నాసా కలిసి అవిరిస్ కొత్త తరం పరికరాన్ని ఇస్రో విమానంలో అక్కడ ఎగరేశాయి. 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి హైసిస్ ఉపగ్రహం వెళ్లింది. గర్వపడాల్సిందే. కానీ ఊళ్లో సిమెంటు రేకుల కింద పెరిగిన మనకు ఆస్బెస్టాస్ అంటే భయం లేదు. ఇక్కడికొచ్చినా అదే అలవాటు. రెండ్రోజుల పనేగా అని, మూతికి చేతిరుమాలు కట్టుకుని పాత గోడ పగలగొడతాం. రుమాలు ఆ పీచును ఆపదు. జబ్బు ఏ ఇరవై, ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టరు ఎక్కడుంటాడో, మనం ఎక్కడుంటామో!

పాత కట్టడం కూల్చేముందు ఆస్బెస్టాస్ తనిఖీ జరగాలని ఇక్కడి చట్టం చెబుతోంది. ఆ రిపోర్టు ఏదని అడుగుదాం. పని భద్రత చూసే ఓషా రక్షణ వీసాను బట్టి ఉండదు, పనిచేసే ప్రతివాడికీ వర్తిస్తుంది. సూపర్‌వైజర్లుగా ఉన్న మనవాళ్లది ఇంకా పెద్ద బాధ్యత. రిపోర్టులో ఏముందో పొద్దున్నే, సుత్తి ఎత్తకముందే, కుర్రాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. అడిగితే మహా అయితే ఓ రోజు కూలి పోతుంది. అడగకపోతే పోయేది ఊపిరి.