జుట్టున్నమ్మ కొప్పు

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని మనవాళ్ళు సామెత చెబుతారు. కలిగినవాళ్ళు ఏం చేసినా చెల్లుతుందని దాని భావం. డబ్బు మాట ఎలా వున్నా, అచ్చంగా జుట్టు విషయంలో మాత్రం ఆ సామెత మన ఇళ్ళలో చెల్లలేదు. ఏ ఈడుకు ఏ జడ, ఏ వేళకు ఏ ముడి అన్నది జుట్టున్నమ్మ కాక ఇంకెవరో నిర్ణయించేవారు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, రాజమహేంద్రవరం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వారి అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. వచ్చే నెలలో నిశ్చితార్థం. సెలవు పెట్టి ఇంటికి వచ్చిన పిల్ల తలను చూస్తే పిచ్చుకగూడు జ్ఞాపకం వచ్చిందట. సగం జుట్టు నెత్తిమీద ముడి, మిగతా సగం చెవులమీదా మెడమీదా ఎటుపడితే అటు. “కాబోయే అత్తగారు చూస్తే నా పెంపకాన్ని ఏమనుకుంటారు?” అని తల్లి బాధ. “అది నా తల” అని కూతురి జవాబు. రెండు రోజులుగా తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. “మీరైనా నాలుగు చీవాట్లు పెట్టండి” అని ఉత్తరం ముగించారు. ఎవరికి పెట్టాలో వ్రాయలేదు!

ఆ తల్లి భయం ఉత్తి చాదస్తం అని కొట్టివేయడానికి లేదు. మన దేశంలో విప్పిన జుట్టు ఎన్నడూ ఊరికే వుండలేదు. అది ఏదో ఒకటి చెప్పేది. ద్రౌపది విప్పిన జుట్టు సంగతి ఎరుగనివారెవరు? భట్టనారాయణుడు ఆ జుట్టు ముడివేయడం మీదనే ‘వేణీసంహారం’ అని నాటకమంతా నడిపించాడు. విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’లో చాణక్యుడు శపథం నెరవేరేదాకా సిగ ముడివేయడు. జుట్టు విప్పారంటే పగ అయినా కావాలి, దుఃఖమైనా కావాలి, లేకపోతే అప్పుడే తలంటుకుని వుండాలి. అందుకే మధ్యాహ్నంవేళ ఎవరైనా చెదిరిన తలతో గుమ్మంలోకి వస్తే మా అమ్మమ్మ “అయ్యో, ఏమైందే?” అని అడిగేది. ఇప్పటి పిల్లలకు ఏమీ కాలేదు. అదే పెద్దవాళ్ళకు కొరుకుడు పడదు.

పోనీ బద్ధకమా అంటే, అదీ కాదు. మా మనవరాలు తయారవుతూంటే గడియారం పెట్టుకుని మరీ చూశాను. తలంటుకున్నది. యంత్రంతో ఆరబెట్టుకున్నది. ఏదో క్రీము రాసుకున్నది. ముడి వేసుకున్నది. నాకు చక్కగానే కనిపించింది. ఆ తరువాత అద్దం ముందు నిలబడి, ఆ ముడిలోంచి ఒక్కొక్క పాయా పైకి లాగడం మొదలుపెట్టింది! చెవి దగ్గర రెండు, మెడమీద మూడు. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. దీన్ని ‘మెస్సీ బన్’ అంటారట. చెదిరినట్టు కనిపించాలి గాని చెదరకూడదు. నేను ఈ వయసులోనూ జడ అయిదు నిమిషాల్లో వేసుకుంటాను.

మగవాళ్ళ సంగతి ఇంతకంటే తమాషా. మా తాతగారు పిలక తీసి క్రాపు పెట్టించుకున్ననాడు వాళ్ళ నాన్నగారు మూడు రోజులు అన్నం ముట్టలేదట. ఆ క్రాపు తాతగారే 1970 దశకంలో మా అన్నయ్య చెవులమీదికి హిప్పీ జుట్టు పెంచితే, సంసారపక్షపు లక్షణం కాదని మండిపడ్డారు. ఇప్పుడు ఆ అన్నయ్యకు నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలాయి. వాటిని దువ్వుకుంటూ, మనవడి తల ముళ్ళపందిలా వుందని రోజూ సణుగుతాడు. ఇదేమీ మన ఇళ్ళకే పరిమితం కాదు లెండి. ఆ 1970 దశకంలోనే సింగపూరు ప్రభుత్వ కార్యాలయాల్లో పొడుగు జుట్టు మగవారి పని చివరన చూస్తామని బొమ్మలతో సహా ప్రకటనలు అంటించారు. కనుబొమ్మలను తాకినా, చెవులను కప్పినా, చొక్కా కాలరు దాటినా పొడుగు జుట్టే. 1972లో లెడ్ జెప్పెలిన్ అనే పేరుమోసిన పాటల బృందం కూడా జుట్టు కారణంగానే అక్కడ కచేరీ చేయకుండా వెనుదిరగవలసి వచ్చింది.

మగవాళ్ళకు అక్షింతలతో పోయింది. ఆడవాళ్ళకు అలా పోలేదు.

రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ తరువాత ముప్ఫై అయిదేళ్ళకు, అక్కడికి ఇరవై మైళ్ళ దూరంలో, పదకొండేళ్ళ మా చిన్నమ్మమ్మకు భర్త పోయాడు. ఆయన మొహం ఆవిడకు సరిగా గుర్తు కూడా లేదు. ఈడేరగానే జుట్టు తీయించారు. నేను ఎరిగేటప్పటికి ఆవిడకు అరవై ఏళ్ళు. పక్షానికొకసారి తెల్లవారుజామున క్షురకుడు పెరట్లోకి వచ్చేవాడు. ఆ పూట పిల్లలం అటు వెళ్ళకూడదు. తరువాత ముతక చీర చెంగు నుదుటిదాకా లాక్కుని, ఏమీ జరగనట్టు పనిలో పడేది.

ఇంట్లో ఆడపిల్లలం ఆరుగురం. ఆరు తలలూ ఆవిడ చేతిలోనే. ఆదివారం కుంకుడుకాయ రసంతో తలంటి, సాంబ్రాణి పొగ వేసి, అరుగుమీద వరసగా కూచోబెట్టి చిక్కు తీసేది. మా అమ్మ దువ్వితే కళ్ళవెంట నీళ్ళు వచ్చేవి. చిన్నమ్మమ్మ దువ్వితే నిద్ర వచ్చేది. జడ పూర్తయ్యాక కొసను ఒక్క క్షణం అరచేతిలో పట్టుకుని వదిలేది. 

1968లో మా పిన్ని విశాఖపట్నంలో కాలేజీ చదువుతూ, సెలవులకు భుజాలదాకా జుట్టు కత్తిరించుకుని వచ్చింది. జడ లేదు, ముడి లేదు. ఇంట్లో చావు జరిగినంత గోల. అమ్మమ్మ నెత్తి బాదుకున్నది. తాతగారు వీధి తలుపు వేయించారు. పిన్ని స్తంభం పట్టుకుని నిలుచున్నది. చిన్నమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి, పిన్ని తల ఒకసారి నిమిరి, “దాని జుట్టు దాని నెత్తిమీదనే వుంది గదా అక్కయ్యా. ఇంక మీకు పోయిందేమిటి?” అన్నది. ఎవరూ మాట్లాడలేదు. తాతగారే లేచి వీధి తలుపు తీశారు.

సోదరీ, మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకు వచ్చింది. మీ అమ్మాయి సంపాదిస్తున్నది, తన బ్రతుకు తాను దిద్దుకుంటున్నది. నెత్తి మాత్రం మీదంటే ఎలా వింటుంది? పుట్టుకతో వచ్చిన రింగుల జుట్టు అణచుకోనందుకు నల్లజాతి స్త్రీలను ఆఫీసుల్లో తప్పుపట్టకుండా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టమే చేయవలసి వచ్చింది. తల చెదిరిందో లేదో తేల్చేది చూసేవాళ్ళు. దాని ఫలితం అనుభవించేది తల మోసేవాళ్ళు. కాబోయే వియ్యపురాలు పిల్లను పాపిట చూసి అంచనా కట్టే మనిషయితే, ఆ సంగతి నిశ్చితార్థానికి ముందే తెలియడం మంచిదే కదా!

ఒక్క విషయంలో మాత్రం నేను మీ పక్షమే. ముడి ఎలాగైనా వేసుకోనివ్వండి గాని, చిక్కు మాత్రం మిగలనివ్వకండి. తడి జుట్టు సులువుగా తెగుతుంది. పళ్ళు ఎడంగా వున్న దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. కొబ్బరినూనె మాట ఎత్తితే పిల్లలు నవ్వుతారు. 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, వెంట్రుకలోని మాంసకృత్తులు నష్టపోకుండా చెప్పుకోదగినంతగా కాపాడినది కొబ్బరినూనె ఒక్కటేనని తేలింది. ఆ మాట చెప్పి చూడండి. అలాగని మన చిన్ననాటి బడిజడల్లా కణతలు లాగేటట్టు బిగించకండి. రోజూ అలా లాగితే కణతల దగ్గర జుట్టు ఊడి, మళ్ళీ రాకుండా కూడా పోవచ్చు.

ఆదివారం పీట వేసి, నూనెగిన్నె పెట్టుకుని, మాటలేమీ లేకుండా ఊరికే కూచోండి. మా ఇంట్లో ఆ ఇరవై అయిదు నిమిషాల ముడి పిల్ల తనంతట తనే వచ్చి ముందు కూచుంటుంది, ఫోను చూసుకుంటూ.