వేసవి సైన్స్ శిబిరాలు: దారి తెలిసినవారికే దారి చూపితే ఎలా?

"యువతలో శాస్త్రీయ దృక్పథం" అనే అంశంపై రాసిన వ్యాసాలు చూస్తే ఒక మూస కనిపిస్తుంది. అధికరణం 51ఎ(హెచ్)తో మొదలు. మధ్యలో ఇన్‌స్పైర్, యువిక, అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పేర్ల వరుస. చివర్లో అబ్దుల్ కలాం ప్రస్తావన. ఈ పథకాలు ఎవరి దాకా చేరుతున్నాయన్న ప్రశ్న మాత్రం ఎక్కడా ఉండదు. పాలనలోకి వెళ్లాలనుకునేవారు ముందుగా వేయాల్సిన ప్రశ్న అదే.

నా వాదన సూటిగా చెబుతాను. మన ప్రభుత్వ సైన్స్ శిబిరాలు ఇప్పటికే ఆ దారిలో ఉన్న పిల్లల భుజం తట్టడానికి బాగా పనికొస్తున్నాయి. అసలు దారే తెలియని పిల్లలకు దారి చూపడంలో విఫలమవుతున్నాయి. లోపం శాస్త్రవేత్తల్లో లేదు, పాఠాల్లో లేదు. ఎంపిక పద్ధతిలో ఉంది.

ముందు వాస్తవాలు

కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2008లో ఇన్‌స్పైర్ పథకం ప్రారంభించింది. అందులో ఒక భాగం ఇంటర్న్‌షిప్ శిబిరాలు. పదో తరగతి బోర్డు పరీక్షల్లో తొలి 1 శాతంలో నిలిచి, పదకొండులో సైన్స్ తీసుకున్న విద్యార్థులకు 5 రోజుల శిబిరం. ఇస్రో 2019లో "యువ విజ్ఞాని కార్యక్రమం" (యువిక) మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలకు వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాల పాటు ఉపన్యాసాలు, ప్రయోగశాలల సందర్శన, శాస్త్రవేత్తలతో ముఖాముఖి. ప్రయాణం, వసతి, భోజనం ఖర్చులు ఇస్రోవే. మొదటి ఏడాది రాష్ట్రానికి ముగ్గురిని తీసుకున్నారు. తర్వాత సంఖ్య పెరిగినా దేశం మొత్తం మీద ఏటా వందల్లోనే ఉంది. 2023-24 యుడైస్ ప్లస్ లెక్క ప్రకారం దేశంలో దాదాపు 14.7 లక్షల పాఠశాలలు ఉన్నాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి.

సీట్లు తక్కువన్నది నా ఫిర్యాదు కాదు. ఏ శిబిరమైనా కొందరికే సరిపోతుంది. ఆ కొందరు ఎవరన్నదే ప్రశ్న.

చిక్కంతా ఎంపికలోనే

యువిక ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకే పెద్ద పీట. మిగతాది ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్లు, ఒలింపియాడ్ బహుమతులు, క్రీడా విజయాలు, ఎన్‌సీసీ లేదా స్కౌట్స్ సభ్యత్వం వంటివాటి మధ్య పంచారు. గ్రామ పంచాయతీ పరిధిలోని బడుల్లో చదివేవారికి కొంత వెయిటేజీ ఇచ్చారు. అది మెచ్చుకోదగ్గదే. కానీ మిగతా జాబితాను ఏ మారుమూల మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకో అన్వయించి చూడండి. ఒలింపియాడ్‌కు ఫీజు కట్టి పంపే యాజమాన్యం అక్కడ ఉండదు. ఎన్‌సీసీ యూనిట్ ఉండకపోవచ్చు. నోటిఫికేషన్ వచ్చిందని చెప్పే టీచర్ ఉంటే ఆ పిల్లల అదృష్టం. అంటే ఇక్కడ కొలుస్తున్నది పిల్లవాడి జిజ్ఞాసను కాదు, వాడి బడికి ఉన్న వసతులను. పైగా "గ్రామీణ పాఠశాల" అన్న ఒక్క గీటురాయి సరిపోదు. ఊరి పొలిమేరలో వెలసిన ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్ కూడా చాలాచోట్ల పంచాయతీ పరిధిలోనే ఉంటుంది.

ఇన్‌స్పైర్ శిబిరాల విషయంలో తర్కం ఇంకా తలకిందులైంది. తొలి 1 శాతంలో ఉండి, సైన్స్ గ్రూపు ఎంచుకున్న విద్యార్థిని "సైన్స్ వైపు ఆకర్షించడం" ఏమిటి? నిర్ణయం అయిపోయాక వచ్చే ప్రేరణ అది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా, పాలిటెక్నిక్కా అన్నది పదో తరగతి ఫలితాలు వచ్చిన కొన్ని వారాల్లోనే తేలిపోతుంది. చాలా ఇళ్లలో ఆ నిర్ణయం కాలేజీ పీఆర్వో గడప తొక్కిన రోజునే జరిగిపోతుంది. కాబట్టి దారి చూపే శిబిరం ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే జరగాలి. ఈ విషయంలో యువిక ఎంచుకున్న వయసు సరైనదని ఒప్పుకోవాలి.

ఆ వయసుకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. విద్యా హక్కు చట్టం 14 ఏళ్లతో, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. సెకండరీ స్థాయిలో బడి మానేసేవారు 2021-22 యుడైస్ ప్లస్ ప్రకారం 12.6 శాతం. గ్రామీణ ప్రాంతాల్లో 14-18 ఏళ్లవారిపై జరిగిన 2023 అసర్ సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43.3 శాతమే. సైన్స్, గణితం గ్రూపుల్లో చేరిన అమ్మాయిలు 28.1 శాతం, అబ్బాయిలు 36.3 శాతం. దారి తెలియక ఆగిపోతున్నది వీళ్లు. శిబిరం అవసరమూ వీళ్లకే.

చూపిస్తున్న వృత్తులు ఎన్ని?

మరో లోపం ఊహకు సంబంధించింది. శిబిరాల్లో పిల్లలకు కనిపించేది శాస్త్రవేత్త, ఇంజినీరు. ఆ ఇద్దరి మధ్య పనిచేసే వందల రకాల మనుషులు కనిపించరు. అదే ఇస్రో ఐటీఐ చదివినవారిని టెక్నీషియన్లుగా, డిప్లొమా చదివినవారిని టెక్నికల్ అసిస్టెంట్లుగా తీసుకుంటుంది. రాకెట్ తయారీలో ఫిట్టర్‌కూ, ఎలక్ట్రీషియన్‌కూ పని ఉందని తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలిస్తే, మేనమామ నడిపే వెల్డింగ్ షాపును చూసే చూపు మారుతుంది. మట్టి పరీక్ష కేంద్రం, ఆసుపత్రి ల్యాబ్, విద్యుత్ సబ్‌స్టేషన్, రక్షిత మంచినీటి పథకం, ఇవన్నీ సైన్స్ మీద నడిచే ఉద్యోగాలే. వీటికి శ్రీహరికోట దాకా వెళ్లక్కర్లేదు, మండల కేంద్రం దాకా వెళ్తే చాలు.

ప్రభుత్వం వదిలేసిన ఈ ఖాళీలోకి వ్యాపారం వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకల్లా పట్టణాల్లో రోబోటిక్స్ క్యాంప్, కోడింగ్ క్యాంప్, ఏఐ క్యాంప్ ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఫీజులు వేలల్లో. కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు వేసవి అంటే మిరప కోతలో, మామిడి తోటలో, తమ్ముణ్ణి చూసుకోవడమో. సెలవులు అందరికీ ఒకటే, వాటిలో దక్కేది మాత్రం ఒకటి కాదు.

ఎదుటి వాదన

"ప్రతిభ ఉన్నవారికి అవకాశం ఇస్తే తప్పేమిటి? పరిమిత వనరులను ఫలితం వచ్చే చోట పెట్టాలి కదా?" అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. ఒలింపియాడ్ శిక్షణ, పరిశోధన ఫెలోషిప్ వంటివి ప్రతిభ ఆధారంగానే ఇవ్వాలి. కానీ పరిచయ శిబిరం ఉద్దేశం వేరు. పరిచయం వల్ల ఎక్కువ లాభం పొందేది పరిచయం లేనివారే. నిండు కుండలో ఇంకో చెంబు నీళ్లు పోస్తే పొర్లిపోతాయి. ఫలితమే కొలమానమైతే, శిబిరం తర్వాత ఎవరి నిర్ణయం మారిందో కొలవాలి. ముందే సైన్స్‌లో ఉన్నవారు సైన్స్‌లోనే కొనసాగితే అది శిబిరం సాధించిన ఫలితం కాదు.

"రెండు వారాల్లో ఏం మారుతుంది, బడిలో ల్యాబ్ బాగుచేయండి" అనేవారూ ఉన్నారు. వారితో సగం ఏకీభవిస్తాను. 2025-26 బడ్జెట్‌లో ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెడతామన్నారు. మంచిదే. కానీ పరికరాల గదికి తాళం వేసి, తనిఖీ రోజున తీసే బడులు మనకు తెలుసు. ల్యాబ్ కావాలి, దాన్ని వాడే టీచర్ కావాలి, ఆ పని చేసి బతుకుతున్న మనిషిని పిల్లలు కళ్లారా చూడటమూ కావాలి.

చేయాల్సినవి

ఒకటి, సీట్లలో సగం జాతీయ ఉపకార వేతన పథకం ఎన్ఎంఎంఎస్ జాబితా నుంచి నింపాలి. ఎనిమిదో తరగతిలో పరీక్ష, కుటుంబ వార్షిక ఆదాయం 3.5 లక్షలు దాటకూడదన్న నిబంధన, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకే పరిమితం, దేశవ్యాప్తంగా ఏటా లక్ష ఉపకార వేతనాలు. జాబితా సిద్ధంగా ఉంది, కొత్త వడపోత అక్కర్లేదు.

రెండు, మిగతా సగంలో కొంత భాగం ప్రభుత్వ పాఠశాలల మధ్య లాటరీ ద్వారా ఇవ్వాలి. అందులో అమ్మాయిలకు సగం.

మూడు, ప్రతి జిల్లాలో పాలిటెక్నిక్, ఐటీఐ, కృషి విజ్ఞాన కేంద్రం కలిసి వారం రోజుల శిబిరం నడపాలి, మాతృభాషలో.

నాలుగు, వచ్చిన ప్రతి విద్యార్థిని ఇంటర్ లేదా డిప్లొమా పూర్తయ్యేదాకా అనుసరించి, ఎవరు ఎటు వెళ్లారో ఏటా ప్రకటించాలి. లెక్క చెప్పని పథకం ఫొటోల దగ్గరే ఆగిపోతుంది.

శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. విధిని అందరికీ సమానంగా అప్పగించిన రాజ్యం, దాన్ని నెరవేర్చే అవకాశాన్ని కొందరికే ఇస్తే ఆ విధికి అర్థం లేదు. ఈ అంశం మెయిన్స్‌లో వస్తే పథకాల పేర్లు రాయండి, తప్పులేదు. వాటి పక్కనే ఈ ఒక్క వాక్యం కూడా రాయండి: ఒక పథకం ఎవరిని ఎంచుకుంటుందో చూస్తే, అది ఎవరి కోసం పుట్టిందో తెలుస్తుంది.