బస్తా బరువును నిర్ణయించినదెవరు?

కథలకు, కవితలకు నడుమ బియ్యపు బస్తా ప్రసక్తి ఎందుకని పాఠకులకు తోచవచ్చును. మా వసతిగృహపు సామాను గది రెండవ అంతస్తులో వున్నది. నెలకొకసారి హమాలీలు 50 కిలోల బస్తాలను వీపున వేసుకొని ఆ మెట్లెక్కుతారు. మనము ప్రక్కకు తొలగి దారి యిస్తాము. అంతటితో మన బాధ్యత తీరినదనుకొంటాము.

హమాలీ అన్న మాటకు మూలము అరబ్బీలోని ‘హమ్ల్’. మోయుట అని అర్థము. తల్లి గర్భమును మోయుటకు కూడ ఆ మాటే. మాట ఒక్కటేగాని, దక్కే గౌరవము మాత్రము ఒక్కటి కాదు.

“మోకాళ్లు వంచి ఎత్తు, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకో, నడుము మెలితిప్పకు” అని హమాలీకి చెప్పుట సులభము. సలహా సరియైనదే. ఒంటికి దూరముగా పట్టుకొన్న బరువు నడుములోని డిస్కులను మరింత అధికముగా నొక్కుతుంది. తులాదండ సూత్రము చదివినవారికి యిది వేరుగా చెప్పనక్కరలేదు. అయితే యిటువంటి శిక్షణ ఒక్కటే నడుమునొప్పిని నివారింపజాలదని పరిశోధకులు తేల్చినారు. భంగిమ మారినంత మాత్రాన బస్తా తేలిక కాదు గదా! అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసిన పరిమితి 55 కిలోలు. మన బస్తా దానికి లోబడే వున్నదని నిశ్చింతగా వుండరాదు. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన లెక్కలో, అన్నియు అనుకూలముగా వున్నప్పుడు సయితము చేతులతో ఎత్తదగినది 23 కిలోలే. మెట్లెక్కుట ఆ లెక్కలో లేనే లేదు.

సంచి బరువు దైవనిర్ణయము కాదు. 2022 జూలైలో 25 కిలోల వరకు వున్న లేబులు సంచుల బియ్యముపై పన్ను పడగానే, మిల్లర్లు 26 కిలోల సంచులను బజారులోనికి దింపినారు. పన్ను కొరకు ఒక కిలో పెరుగగలిగిన సంచి, మనిషి నడుము కొరకు తగ్గలేదా?

కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పమే. సామాను గదిని క్రింది అంతస్తుకు మార్చవలెను. ఒక తోపుడు బండి కొనవలెను. బియ్యమును 26 కిలోల సంచులలో తెప్పించవలెను (అదియు 23 కన్న ఎక్కువే, అయినను ఇప్పటి బరువులో దాదాపు సగము). ఒక్క జాగ్రత్త అవసరము. మనము కూలిని బస్తా లెక్కన యిస్తున్నాము. సంచి సగమైనదని కూలి కూడ సగము చేసితిమా, హమాలీ రెండు సంచులను ఒకేసారి భుజానికెత్తుకొంటాడు. అందులో అతని తప్పు లేదు. చిన్న సంచుల వలన ఖర్చు కొంత పెరిగినచో, వార్షికోత్సవపు షామియానాలో ఒక వరుస తగ్గించుకొనవచ్చును.

గది మార్చుటకు ఒక ఆదివారము చాలును. విద్యార్థులు తోడ్పడగలరు, అయితే ఒక్కొక్క బస్తాకు ఇద్దరేసి.