కాకి వాలిందని పండు రాలిందా?

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వల్లనే రాలిందనేటోళ్లు మనకు కొత్త కాదు. పథకం పెట్టినం, దిగుబడి పెరిగింది, అంతా మా చలువే అని సర్కార్లు పేపర్ల నిండా ప్రకటనలిస్తయి. మంచి వానలు పడ్డ ముచ్చట అందుల ఉండదు. కూలి పెంచమంటే యజమానులది ఇంకో కాకిలెక్క: పెంచితే కొలువులు పోతయట! చూసి చెప్తున్నరా? లేదు, పుస్తకంల గీసిన గీత చూపెట్టి చెప్తున్నరు.

ఆ గీతను అమెరికాల డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పరీక్షకు పెట్టిండ్రు. 1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. సరిహద్దుకు ఇటూ అటూ అసొంటి బర్గర్ దుకాణాలే. 410 దుకాణాలను పెంపుకు ముందొకసారి, తర్వాత ఒకసారి అడిగి లెక్క తీసిండ్రు. ఫుల్‌టైం లెక్కన న్యూజెర్సీల దుకాణానికి సగటున 20.4 మంది ఉంటే 21 మందయిండ్రు. పెన్సిల్వేనియాల 23.3 నుంచి 21.2కు పడ్డది.

ఒక్క న్యూజెర్సీనే చూస్తే పెద్ద మార్పేం లేదంటం. కానీ అసలు ప్రశ్న 'మునుపెంత' కాదు, 'పెంచకపోతే ఎంత ఉండేది' అని. పెంచని న్యూజెర్సీ ఎక్కడా లేదు కనుక దాని బదులు పెన్సిల్వేనియాను సాక్షిగా నిలబెట్టిండ్రు. రెండు మార్పుల నడుమ తేడా తీస్తే, కొలువులు ఊడిన జాడే లేదు.

1994ల ఈ వ్యాసం అచ్చయితే పెద్ద పెద్దోళ్లు ఒంటికాలి మీద లేచిండ్రు. నోబెల్ అందుకున్న జేమ్స్ బుకానన్ 1996ల పత్రికకెక్కి బజారు తిట్టు తిట్టిండు. న్యూమార్క్, వాషర్ మాత్రం తిట్లు కాదు, జీతాల రికార్డులు పట్టుకొచ్చిండ్రు. అట్ల కొట్లాడితే సబబు. పక్క రాష్ట్రం నిఖార్సయిన సాక్షేనా, పెంపు లేకుంటే రెండూ ఒకే తొవ్వల నడిచేవా అని అడగాల్సిందే. కార్డ్, క్రూగర్ 2000ల సర్కారీ రికార్డులతోటి మళ్ల లెక్కగట్టినా కొలువులు పెద్దగా తగ్గినట్టు తేలలేదు. 2021ల కార్డ్‌కు నోబెల్ వచ్చింది. క్రూగర్ 2019లనే పోయిండు.

ఈ పరీక్ష మనకూ తప్పది, చేదైనా సరే. 2014 తర్వాత తెలంగాణ ఎదిగిందని మనమన్నా, విభజనతోటి నష్టపోయినమని అవతలోళ్లన్నా, ముందూ వెనుకా రెండంకెలు చూపెడితే సరిపోదు. ఉద్యోగులారా, ఫలానా పథకం విజయవంతమని ఫైలు మీ టేబుల్ మీదికొస్తే సంతకానికి ముందు అడగండి: పథకం అందని ఊరి లెక్క ఇందుల ఏ పేజీల ఉన్నది?