స్టీరింగ్ మీది గేరును నేలకు దించడం గురించి

పాత అంబాసిడర్లు ఇంకా మిగిలి ఉన్న ఇళ్ళలో ఎప్పటికీ తెగని వివాదం ఒకటి ఉంది. స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డును, అంటే మనవాళ్ళు హ్యాండ్ గేరు అని పిలుచుకునేదాన్ని, తీసివేసి ఇప్పటి కార్లలో లాగా నేలమీద గేరు పెట్టించుకోవచ్చునా, కూడదా అన్నదే ఆ వివాదం. పద్యాల గురించీ పుస్తకాల గురించీ రాసుకునే చోట ఈ కార్ల గొడవ ఏమిటని మీలో కొందరు ముఖం చిట్లించవచ్చు. పాత వస్తువును వాడుకలో నిలుపుకోవడానికి దాన్ని ఎంతవరకు మార్చవచ్చు అన్న ప్రశ్న తాళపత్రాలతో కుస్తీపట్టేవారికీ, పాత బళ్ళతో కుస్తీపట్టేవారికీ ఒకటే కనుక కాస్త ఓపిక పట్టమని మనవి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మార్చకూడదు. కనీసం, మొదట చేయవలసిన పని అది కాదు.

ఈ చర్చ మా ఇంట్లోనే వచ్చింది. మా పెదనాన్నగారు 1974లో కొన్న అంబాసిడర్ ఆయన తదనంతరం మా అన్నయ్య చేతికి వచ్చింది. అన్నయ్యకు మోకాళ్ళు సహకరించడం లేదు. క్లచ్చి తొక్కడమే కష్టమైపోయింది. అన్నయ్య కూతురు ఎంతో ముచ్చటపడి రెండు రోజులు నడిపి, మూడోనాడు తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టేసింది. "బాబాయ్, ఏ గేరులో ఉన్నదో ఆ కారుకే తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది?" అన్నది ఆ పిల్ల ఫిర్యాదు. అందులో అన్యాయమేమీ లేదు. అన్నయ్య ఒక మెకానిక్కుతో మాట్లాడి, ఫ్లోర్ గేరు పెట్టించడానికి దాదాపు నిశ్చయించుకుని, "నువ్వేమంటావురా?" అని నన్నడిగాడు. నడిపేవాళ్ళు లేకపోతే బండిని అమ్మేయడం తప్ప గత్యంతరం లేదన్న మాటా చేర్చాడు. కాబట్టి ఇది కాలక్షేపపు వాదన కాదు. నేను చెప్పేదాన్ని బట్టి ఆ బండి ఇంట్లో ఉంటుందా, గడప దాటుతుందా అన్నది తేలుతుంది.

అసలు గేరు రాడ్డు స్టీరింగ్ దగ్గరికి ఎందుకు ఎక్కింది? 1930ల చివర అమెరికాలో ఈ పద్ధతి విస్తరించింది. ముందు సీటు రెండు కుర్చీలుగా కాక ఒకటే పొడవాటి బెంచిగా ఉంటే ముగ్గురు కూర్చోవచ్చు. మధ్యలో కూర్చున్నవారి మోకాళ్ళకు గేరు రాడ్డు అడ్డం రాకూడదంటే దాన్ని ఎక్కడికో తరలించాలి. స్టీరింగ్ కాలమ్ ఎలాగూ డ్రైవరు చేతికి దగ్గరగా ఉన్నదే. యుద్ధానంతరం ఇంగ్లండులోనూ ఇదే ఒరవడి వచ్చింది. 1948 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో నాలుగు గేర్లూ కాలమ్ మీదనే ఉండేవి. ఆ వంశంలోని మూడవ సిరీస్ ఆక్స్‌ఫర్డే 1950ల చివర పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారా చేరి అంబాసిడర్ అయింది. 2014 మే నెలలో అక్కడి ఉత్పత్తి ఆగిపోయేదాకా బయటి రూపురేఖలు పెద్దగా మారకుండానే బ్రతికింది.

ఇక్కడ ఒక చిత్రమైన విషయం. మా పెదనాన్నగారి బండిలోని 1489 సీసీ ఇంజను, 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోని ఇంజను ఒకే కుదురుకు చెందినవి. ఆ కారులో గేరు నేలమీదే ఉండేది. అంటే రాడ్డు ఎక్కడ ఉండాలో నిర్ణయించింది ఇంజను కాదు, సీటు. వేగం కోసం ఇద్దరు వెళ్ళే కారులో అది నేలమీద మొలిచింది. సంసారాన్ని మోసే కారులో స్టీరింగ్ మీదికి పాకింది.

ఇప్పుడు మా పిల్ల ఫిర్యాదు దగ్గరికి వద్దాం. నేల గేరులో చేతికీ గేర్‌బాక్సుకూ మధ్య దూరం చాలా తక్కువ. రాడ్డు అడుగుభాగం సరాసరి పెట్టెలోకి దిగుతుంది. హ్యాండ్ గేరులో అలా కాదు. మనం చేత్తో కదిపే రాడ్డు ఒక పొడవాటి కడ్డీని తిప్పుతుంది, పైకీ కిందికీ జరుపుతుంది. ఆ కడ్డీ కాలమ్ వెంబడి ఇంజను గదిలోకి దిగి, అక్కడ రెండు పనులుగా విడిపోతుంది. ఒకటి, ఏ జత గేర్లు కావాలో ఎంచడం. రెండు, ఆ జతలో ఒకదాన్ని వేయడం. ఈ రెండు పనులూ చిన్న చిన్న లివర్లు, లింకు రాడ్ల ద్వారా గేర్‌బాక్సును చేరతాయి. ప్రతి కీలు దగ్గరా ఒక బుష్షు, ఒక పిన్ను ఉంటాయి. ఒక్కొక్క బుష్షు వెంట్రుకవాసి అరిగితే ఫరవాలేదు. అన్నీ తలా కొంచెం అరిగి, ఆ అరుగుదలలన్నీ కలిసి చేతికి చేరేసరికి రాడ్డు గాలిలో ఊగుతున్నట్లుంటుంది. ఎంపిక సగంలో ఉండగానే గేరు పడబోతుంది, లోపల ఇరుక్కుంటుంది. అప్పుడు డ్రైవరు నడిరోడ్డు మీద దిగి, బానెట్ ఎత్తి, ఆ లివర్లను చేత్తో సర్ది మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఆ దృశ్యం మన తరంలో చూడనివారు ఉండరు.

ఈ ఊగులాటను చూసి హ్యాండ్ గేరు అంటేనే ఇంత అని జనం తీర్మానించేశారు. నా అభ్యంతరమల్లా ఆ తీర్మానం మీదనే. మా అన్నయ్య కూతురు నడిపింది హ్యాండ్ గేరును కాదు, యాభై ఏళ్ళుగా అరిగిన బుష్షులను. బిగువుగా ఉన్న హ్యాండ్ గేరును ఆమె ఇంతవరకు చూడనే లేదు. చూడనిదాన్ని కాదనడం ఎలా?

దోషం ఎక్కడుందో కనిపెట్టడానికి గొప్ప పాండిత్యం అక్కరలేదు. ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, ఒకరు లోపల కూర్చుని గేరు రాడ్డును మెల్లగా కదుపుతుంటే మరొకరు బయట నిలబడి కీళ్ళను ఒక్కొక్కటే గమనించాలి. ఎక్కడ ఒక కడ్డీ కదిలినా దాని తరవాతిది కదలకుండా క్షణం ఆలస్యం చేస్తుందో, రోగం అక్కడ. ఆ బుష్షు మార్చాలి. దొరకకపోతే లేతు మీద తీయించాలి. పిన్ను అరిగితే అదీ మార్చాలి. తరువాత లింకుల పొడవు సరిచేసి, గ్రీజు పెట్టాలి. నిదానం కావలసిన పని. అందుకే చాలామంది మెకానిక్కులకు దీనిమీద ఆసక్తి లేదు. మొత్తం ఊడబీకి కొత్తది పెట్టడం వారికి తెలిసిన దారి, వారికి ఆదాయమూ అందులోనే ఎక్కువ. వారిని తప్పుపట్టలేను. ఆ పాత విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారన్నదీ నిజమే.

మరి మార్పిడి అంటే ఏమిటి? వినడానికి రాడ్డు ఇక్కడ తీసి అక్కడ పెట్టడం లాగా ఉంటుంది. ఉన్న గేర్‌బాక్సునే ఉంచి పైభాగం మార్చి నేలలోంచి రాడ్డు లేపితే, లోపలి పళ్ళు మాత్రం పాతవే. ఆ పెట్టెలో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగకుండా ఫస్టు వేయబోతే గరగరమని అరిచి తీరుతుంది. రాడ్డు నేలమీద ఉన్నా, నెత్తిమీద ఉన్నా ఆ అరుపు మారదు. అలా కాక గేర్‌బాక్సునే మారుస్తే ఇంజనుకు అది అతకాలి, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిపోవాలి, క్లచ్చి ఏర్పాటూ స్పీడోమీటరు కేబులూ కుదరాలి. ఇంజను కూడా మార్చేద్దాం అన్న మాట సాధారణంగా ఇక్కడే వస్తుంది. గేరు రాడ్డుతో మొదలైన ముచ్చట ఇంజను దగ్గర తేలుతుంది. పైగా అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు. అడుగు రేకూ పైకప్పూ కలిసి ఒకే నిర్మాణం. ఆ రేకును ఎక్కడ పడితే అక్కడ కోసి, మళ్ళీ ఏదో ఒక పట్టీ వెల్డింగు చేయడం చొక్కాకు అతుకు వేయడం వంటిది కాదు, ఇంటి దూలాన్ని తొలచడం వంటిది.

అమెరికాలో ఈ మార్పిడి చాలా మామూలు. అక్కడి పాత కార్లకు కావలసిన సామగ్రి అంతా ఒకే పొట్లంగా అమ్ముతారు. అక్కడా తిప్పలు లేకపోలేదు. చాలా ఆటోమేటిక్ కార్లలో, గేరులో ఉండగా ఇంజను స్టార్టు కాకుండా ఆపే స్విచ్చి కాలమ్ మీదే ఉంటుంది. గేరును నేలకు దించి ఆ స్విచ్చిని మరిచిపోతే, తాళం తిప్పగానే కారు ముందుకు దూకవచ్చు. కాలమ్ అంటే స్టీరింగును మోసే గొట్టం మాత్రమే కాదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

తాళపత్రాల మాట ఎత్తాను కదా. శిథిలమైన ప్రతిలో చెదలు తిన్న అక్షరాన్ని ఇతర ప్రతుల సాయంతో నింపేవాడు పరిష్కర్త. ఈ పద్యం నేటివారికి కొరుకుడు పడదని తీసివేసి తనది పెట్టేవాడు మరొక కవి. ఇద్దరికీ లోకంలో చోటుంది, రెండోవాడి పద్యం మొదటిదానికంటె బాగుండవచ్చు కూడా. ఆ పుస్తకం మీద పాత కవి పేరే ఉంచడం మాత్రం కుదరదు. బుష్షు మార్చడం మొదటి రకం పని. నేల కోయడం రెండవది.

అయితే ఛాందసుల పక్షాన కూడా నేను పూర్తిగా నిలబడలేను. హ్యాండ్ గేరును సమర్థించేవారు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: ముందు సీటులో ముగ్గురు కూర్చునే ఆ ఆత్మీయత పోతుంది అని. పెదనాన్నగారు నడుపుతుంటే ఆయనకూ పెద్దమ్మకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఆ సుఖం నాకు తెలుసు. ఈనాడు ఆ మధ్య చోటులో బెల్టు లేకుండా ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టడాన్ని మాత్రం నేను సమర్థించను. ముగ్గురు కూర్చునే బెంచి ఇప్పుడు ఇద్దరి బెంచే. కాబట్టి రాడ్డును నేలకు దించితే ముందు సీటు పాడవుతుందన్న వాదనలో ఇవాళ జ్ఞాపకానికి ఉన్నంత బలం అవసరానికి లేదు. జ్ఞాపకం కోసం ఒక ఆడపిల్లను అరిగిన బుష్షులతో కుస్తీ పట్టమనడం న్యాయం కాదు.

అలాగే, 1990ల తొలి సంవత్సరాల్లో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌లో ఐదు గేర్లనూ నేలమీదే అమర్చింది కంపెనీయే. ఆ బండ్లలో నేల గేరు అపచారం కాదు, జన్మహక్కు. అటువంటిదాన్ని చూపించి 1974 నాటి బండికీ అదే పెట్టవచ్చు కదా అంటారు. మనవడికి కళ్ళజోడు నప్పిందని తాతగారి పెళ్ళిఫొటోలో కూడా దాన్ని గీయించలేం.

చట్టం మాట కూడా అన్నయ్యకు చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటితో పొసగకుండా పోయేలా బండిని మార్చరాదు. ఇంజను దాకా వెళితే అనుమతి, పత్రంలో నమోదు తప్పవు. మరొకటి: 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేమీ లేకుండా అసలు రూపంలో ఉన్న కారు వింటేజ్ వాహనంగా నమోదు కావచ్చు. మా బండికి 2024లో ఆ వయసు వచ్చింది. ఇంతకాలం ఓపిక పట్టి, అర్హత వచ్చాక అసలు రూపాన్ని కోసివేయడం ఏం తెలివి? ఇందులో ఒక మెలిక కూడా ఉంది. అలా నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. మా పిల్ల రోజూ కాలేజీకి దానిలోనే వెళ్తానంటే ఆ నమోదు పనికిరాదు. అంటే గేరు సంగతికి ముందు, ఆ కారు ఇంట్లో ఎందుకు ఉండాలో వాళ్ళు తేల్చుకోవాలి. పండగకూ పెళ్ళికీ తీసే బండి అయితే ఒక దారి, రోజూ నడిచే బండి అయితే మరొక దారి.

ఎవరైనా అన్నీ విని, అన్నీ తెలిసి, అయినా నేల గేరే కావాలంటే నేను అడ్డం పడను. వారిని రెండు కోరికలు కోరుతాను. రేకు కోయకుండా కుదిరే మార్గం ఉంటే ఎంత ఆలస్యమైనా దాన్నే వెదకండి. తీసిన రాడ్డు, కడ్డీ, లివర్లు, చివరికి పిన్నులతో సహా ఒక గోనెసంచిలో కట్టి, చీటీ రాసి అటకమీద పెట్టండి. పాత ఇనుప సామాన్లవాడికి కిలోల లెక్కన ఇవ్వకండి. మీ తరువాత ఆ బండి ఎవరి చేతికి వెళుతుందో, వారికి ఏం కావాలనిపిస్తుందో మనకు తెలియదు.

ప్రస్తుతానికి అన్నయ్య మార్పిడి పని ఆపించాడు. ముందు బుష్షులన్నీ మార్పించి, ఒక నెల నడిపి చూసి, అప్పటికీ అమ్మాయి వద్దంటే నేలే కోయిస్తానని షరతు పెట్టాడు. నేను ఒప్పుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేసే ఒక పెద్దాయన పాత బుష్షులు చూసి, కొలతలు రాసుకుని, రెండు వారాలు గడువడిగాడు. గేరు వేయడం నేర్పే బాధ్యత నా మీద పడింది. "బాబాయ్, నువ్వు పక్కన కూర్చుని కథలు చెప్పకుండా ఉంటే నేర్చుకుంటాను" అని ఆ పిల్ల కూడా తన షరతు తాను పెట్టింది.