పుచ్చిన పత్తికాయ చెప్పిన పాఠం

హాస్టల్లో ఉన్న రోజుల్లో జువాలజీ అంటే నాకు బొమ్మలు గీయడమే. కప్ప పిండాభివృద్ధి బొమ్మలు వేసి, భాగాలు గుర్తిస్తే మార్కులు. బ్లాస్టులా, గాస్ట్రులా అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. అవి అలా ఎందుకు మారతాయో మేమూ అడగలేదు.

కిందటి నవంబరు సెలవుల్లో అమ్మతో పత్తితీతకు పోయాను. పుచ్చిన కాయ చీలిస్తే గులాబీ పురుగు. అమ్మ దాన్ని అరచేతిలో వేసుకొని, "ఇదేగా పెద్దయి రెక్కల పురుగయ్యేది? దానికి ఆరు కాళ్ళేగా, దీనికిన్నేందమ్మా?" అంది. ఎమ్మెస్సీలో నన్నింత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

ముందున్న మూడు జతలే అసలు కాళ్ళు. వెనకున్న ఐదు జతలు పురుగు దశకే, ప్యూపాలో పోతాయి. ఏ ఖండానికి కాలు రావాలి, దేనికి రెక్క రావాలి అన్నది పిండంలోనే హాక్స్ జన్యువులు నిర్ణయించడం మొదలుపెడతాయి. ఈగ పిండం మీద ఇలాంటి పరిశోధనలు చేసిన ముగ్గురికి 1995లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జన్యువులే, దాదాపు అదే వరుసలో, మనలోనూ ఉన్నాయి. మెడ ఎక్కడ ఆగాలో, పక్కటెముకలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పేవి అవే. అదే ఏడాది ఎలుక కంటి జన్యువును ఈగ కాలిలో పనిచేయిస్తే అక్కడ కన్ను మొలిచింది. ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే! మనకూ ఈగకూ 50 కోట్ల ఏళ్ళకు పైబడిన ఉమ్మడి పూర్వీకులున్నారనడానికి ఇంకేం కావాలి?

అలాంటి జీవపరిణామ పాఠాన్ని 2023లో పదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలోంచి తీసేశారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు తప్పని ఉత్తరం రాశారు. పై తరగతుల్లో ఉందిగా అంటారు. పదితో చదువాపి మిరపకోతలకు పోయే మన చెల్లెళ్ళు ఏ పై తరగతిలో చదవాలి?

పరిణామమంటే కోతి కథ కాదు. 2002లో బీటీ పత్తి వచ్చింది. 2010 కల్లా గుజరాత్‌లో గులాబీ పురుగు దాన్ని తట్టుకుంటోందని బయటపడింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీనీ తర్వాత తట్టుకుంది. చావకుండా మిగిలిన కొద్ది పురుగుల సంతతే చేలు నింపింది. నకిలీ విత్తనాలు లేవని కాదు. కానీ అసలు విత్తనమూ ఎందుకు ఓడిందో రైతుకూ కూలీకీ తెలియాలి.

ఇంకో మాట. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే ఊళ్ళలోంచి వచ్చాం మనం. నాలుగో వారంలో మనిషి పిండం బియ్యపు గింజంత. మెడ దగ్గర చేప పిండానికి ఉన్నట్టే మడతలు, చిన్న తోక. ముందు చేతుల మొగ్గలు, ఒకట్రెండు రోజులకు కాళ్ళ మొగ్గలు. ఏ వీధి తల్లి కడుపులోనైనా ఇదే వరుస.

వచ్చే నెల మొదటి ఆదివారం భూతద్దం తీసుకుని హాస్టల్‌కు వస్తాను. తమ్ముళ్ళూ, పుచ్చిన కాయలు నాలుగు ఏరి గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంచండి. కాళ్ళు లెక్కపెడదాం.

– పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (జువాలజీ)